పాలగది ఆయా నాగేంద్రమ్మ

నాగేంద్రమ్మ మీద ఆసుపత్రి వారు జారీ చేసిన అభియోగ పత్రంలో రెండే ఆరోపణలు ఉన్నాయి. నవజాత శిశువుల గదిలో పనిచేస్తూ చేతుల శుభ్రత పాటించలేదన్నది మొదటిది. ఆసుపత్రి అనుమతి లేని సొంత పాత్రతో శిశువులకు పాలు పట్టిందన్నది రెండవది. వీటి పర్యవసానంగా 1983 మే నెలలో పదకొండు రోజుల్లో ఐదుగురు శిశువులు మరణించారని మూడవ పేరా ముగించింది. ఆ "పర్యవసానంగా" అన్న మాటకు ఆధారం మాత్రం పత్రంలో ఎక్కడా లేదు.

అప్పటికి నేను న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని రెండేళ్లు నిండలేదు. శనివారాల్లో ఢిల్లీ నుంచి బస్సెక్కి ఫరీదాబాద్ వెళ్లి, కార్మికుల కాలనీలో ఉచిత న్యాయ సలహా ఇచ్చే ఒక గదిలో కూర్చునేదాన్ని. ఆ గదికి ఆమెను తీసుకువచ్చినవాడు మల్లేశం. వరంగల్ జిల్లావాడు, అదే ఆసుపత్రి ప్రయోగశాలలో టెక్నీషియన్. ఇద్దరివీ ఒకే వరసలో పక్కపక్క ఇళ్లు.

నాగేంద్రమ్మకు అప్పుడు యాభై దగ్గరగా ఉంటాయి. సన్నటి మనిషి. తెల్లటి ఆసుపత్రి చీరను మోకాలి కిందికి బిగించి కట్టేది. కుర్చీ చూపించి, "కూర్చోండి ఆంటీ" అన్నాను.

"ఆంటీ ఏందమ్మా? నాకు పేరుంది" అంది కూర్చోకుండానే. "పన్నెండేళ్లుగా ఆడ నన్ను మద్రాసీ ఆయా అంటన్నారు. తెలుగోళ్లన్నా పేరు పెట్టి పిలవకపోతే ఎట్ట?"

"పెద్దవారు కదా..."

"అయితే అమ్మా అను. ఆంటీ మాత్రం వొద్దు."

ఆమె అద్దంకి దగ్గర ఒక పల్లెలో పుట్టింది. భర్త అంకయ్య ఫరీదాబాద్ ఫౌండ్రీలో ఇసుక అచ్చులు చేసే పనికి కుదిరి 1962లో ఆమెను వెంట తెచ్చుకున్నాడు. ఎనిమిదేళ్లు ఆ ఇసుక దుమ్ము పీల్చి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. అప్పటికి కూతురు చిన్నది. మరుసటి ఏడు ఆసుపత్రిలో ఆయా పని దొరికింది. ఆ కూతురు పెద్దదై, పెళ్లి చేసుకుని బల్లార్షాలో కాపురం ఉంటోంది. నాగేంద్రమ్మ మాత్రం అదే గదిలో, అదే పనిలో ఉండిపోయింది. పన్నెండేళ్లలో ఆ పిల్లల గది గుండా ఎంతమంది బయటి ప్రపంచంలోకి వెళ్లారని ఒకసారి అడిగాను. లెక్క తనకు తెలియదని, కాని వీధిలో వెళ్తుంటే స్కూలు బట్టల్లో ఉన్న పిల్లలను తల్లులు ఆపి తనకు చూపిస్తారని చెప్పింది.

ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. అటువంటివి ఆ రోజుల్లో దేశమంతటా ఉన్నాయి; ఒక్కదానిని వేలెత్తి చూపితే మిగిలినవాటికి ఊరట కలుగుతుంది. పిల్లల గదికి ఆనుకుని పాలగది ఉండేది. ఒక సింకు, ఒక స్టవ్, పాలసీసాలూ పాలపీకలూ పెట్టే జాలీ బీరువా. మూలన నీళ్లు పోయే మోరీ; దాని మీది ఇనుప మూత ఎప్పుడో పోయింది. శిశువుల గదినీ, ఆపరేషన్ గదినీ, కాలిన గాయాల వార్డునూ కలిపి పారే మురుగు మొత్తం ఆ మోరీ అడుగున ఉన్న గొట్టంలోనే వెళ్లేది.

నాగేంద్రమ్మ సామ్రాజ్యమంతా ఆ పాలగదే. సీసాలను ఇరవై నిమిషాలు మరిగించేది. గడియారం చూడడం ఆ పని కోసమే నేర్చుకుంది. చప్పరించే శక్తి లేని నెలలు నిండని బిడ్డలకు మాత్రం సీసా పనికిరాదని, తన ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పాలు పట్టేది. డాక్టర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఆ బిడ్డలు బతుకుతున్నారు గనక.

ఆమె గర్వపడే పని ఇంకొకటి ఉంది. 1974లో ఒక వేసవి రోజున పాలపీకకు పట్టిన చీమ ఒక పసిబిడ్డ పెదవిని కుట్టింది. పెదవి వాచి, బిడ్డ రెండు రోజులు పాలు తాగలేదు. సిస్టర్ అందరి ఎదుటా నాగేంద్రమ్మను తిట్టింది. ఆ సాయంత్రమే ఆమె బజారుకు వెళ్లి నాలుగు మట్టి గిన్నెలు తెచ్చి, బీరువా నాలుగు కాళ్ల కిందా పెట్టి నీళ్లు పోసింది. మన ఇళ్లలో బెల్లం డబ్బాకూ నెయ్యి గిన్నెకూ చేసే ఏర్పాటే. ఆ తరువాత తొమ్మిదేళ్లలో ఆ బీరువా మీదికి ఒక్క చీమ ఎక్కలేదు. ఉత్తరాదివారికి అది వింతగా కనిపించింది. మేట్రన్ వచ్చి చూసి మెచ్చుకుంది. తనిఖీకి వచ్చిన పెద్దలకు కూడా దానిని చూపించేవారట.

"ఆ గిన్నెల్లో నీళ్లు ఏనాడన్నా ఇంకనిచ్చానా!" అని నాతో అంది. "ఈడి ఎండలకి పొద్దున పోస్తే సాయంత్రానికి సగమయ్యేవి. రెండు పూటలా పోసేదాన్ని. సెలవు పెట్టినా గౌరికి చెప్పి పోయేదాన్ని."

గౌరి గఢ్వాల్ నుంచి వచ్చిన చిన్నవయసు ఆయా. ఆమెకు పని నేర్పింది నాగేంద్రమ్మే. నాగేంద్రమ్మను సస్పెండ్ చేశాక పాలగది గౌరి చేతికి వచ్చింది.

ఇక ఆ మే నెల సంగతి. మొదటి బిడ్డకు మూడో రోజున జ్వరం వచ్చింది. కడుపు ఉబ్బింది. అలవాటు ప్రకారం యాంపిసిలిన్ ఇచ్చారు, దిగలేదు. జెంటామైసిన్ ఇచ్చారు, దిగలేదు. అంతకు ముందు ఏడాది ఇదే జ్వరం ఇదే మందుకు రెండు రోజుల్లో లొంగింది. ఆ బిడ్డ ఐదో రోజున పోయింది. తరువాత ఇంకొకరు. పదకొండు రోజుల్లో ఐదుగురు. నలుగురి రక్తంలో ఒకే సూక్ష్మక్రిమి దొరికింది. దానిని క్లెబ్సియెల్లా అంటారు. క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ వెతకలేదు. ఉగ్గుగిన్నె దొరికింది, ఆ గిన్నెకు ఒక యజమానురాలు దొరికింది. విచారణ అంతటితో పూర్తయినట్టే అధికారులు భావించారు.

నాకు కోపం రావడానికి అది చాలు. ఆ కోపంలోనే దరఖాస్తు రాశాను. అందులో మూడు కోరికలు కోరాను. ఉగ్గుగిన్నెనూ ఆమె చేతులనూ పరీక్షించాలి. పాలగదిలో తిరిగే పురుగులను పట్టి పరీక్షించాలి. ఎందుకంటే మూత లేని మోరీ నుంచి బొద్దింకలు వస్తున్నాయని పన్నెండు నెలల్లో నాలుగుసార్లు పాలగది పుస్తకంలో నమోదై ఉంది, మందు కొట్టింది ఒక్కసారే. సాక్ష్యం చెరిగిపోకుండా విచారణ ముగిసేవరకు పాలగదిలోని వస్తువులను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. విచారణాధికారి దరఖాస్తును మొత్తంగా ఆమోదించారు. శాఖాపరమైన విచారణలో న్యాయవాదిని అనుమతించడం ఆయన ఇష్టం. నన్ను కూడా అనుమతించారు. "కోర్టు ఎక్కిన అనుభవం లేదు కదా, పరవాలేదు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు మీద కూడా నాకు కోపం వచ్చింది.

ముఖ్యంగా మూడవ కోరిక మంజూరైనందుకు నేను చాలా సంతోషించాను.

మల్లేశం పనిలోకి దిగాడు. జామ్ సీసాల మెడ లోపల వాజెలిన్ పూసి, అడుగున రొట్టెముక్క వేసి, మోరీ దగ్గరా బీరువా వెనకా పెట్టేవాడు. లోపలికి దిగిన బొద్దింక జారిపోయి పైకి ఎక్కలేదు. ఐదు రోజుల్లో నలభై పట్టాడు. వాటి కాళ్లనూ కడుపునూ విడివిడిగా పరీక్షకు పెట్టాడు. పదిహేను రోజుల తరువాత ఒక శనివారం నన్ను ప్రయోగశాలకు పిలిచి ఒక గాజు పళ్లెం కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"గిది జూడుండ్రి మేడం. గీ తెల్ల బిళ్లలన్నీ మందులు. మందు పనిజేస్తే బిళ్ల సుట్టు గుండ్రంగ ఖాళీ వడాలె. క్రిమి ఆడికి రావద్దు."

పళ్లెం నిండా బూడిదరంగు పొర పరుచుకుని ఉంది. ఆరు బిళ్లలున్నాయి. ఐదింటి అంచు వరకూ ఆ పొర ఆనుకుని పెరిగింది. చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ కూడా లేదు.

"ఇది చనిపోయిన బిడ్డదా?"

"బిడ్డది గీ పక్కకున్నది. ఇది బొద్దింక కాలుది. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏందో నేనే చెప్పలేను."

"మోరీలో ఉండే క్రిమికి ఇన్ని మందులను తట్టుకునే శక్తి ఎలా వచ్చింది?"

"మేడం, మన మందులన్నిట్ల అది తానం జేసింది" అన్నాడు మల్లేశం. "సూదిల మిగిలింది సింకుల పోస్తరు. వార్డు కడిగిన నీళ్లు, రోగులవి అన్నీ గదే గొట్టంల పోతయి. సచ్చేటివి సస్తయి. సావనియి మిగులుతయి. గవి పిల్లలు పెడ్తయి. బొద్దింక గండ్లకెల్లి నడుసుకుంట పైకొస్తది. దానికి రోగం రాదు, మంచిగనే ఉంటది. కాళ్లకు తుడుసుకొస్తది, గంతే."

"ఈ బొద్దింకలు ఇక్కడే ఉంటాయా?"

"ఈ గొట్టం బయట పెద్ద కాలువల కలుస్తది. కాలువ మా ఇండ్ల వెనకకెల్లే పోతది. నిన్న మా ఇంట్ల ఒకదాన్ని పట్టి సూసిన." ఆగాడు. "దాని కాళ్ల మీదగూడ ఇదే."

అతను ఆ మాట మెల్లగా అన్నాడు. అతని ఇంట్లో ఆరునెలల బిడ్డ ఉంది.

విచారణకు ఎనిమిది రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, మల్లేశం రెండు కాగితాలు పట్టుకుని నాగేంద్రమ్మ ఇంటికి వచ్చాడు. ప్రయోగశాల డాక్టర్ సంతకం చేసిన నివేదికలవి. నేను అక్కడే ఉన్నాను. నాగేంద్రమ్మ గడప దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

మొదటి కాగితం నేను గట్టిగా చదివాను. ఉగ్గుగిన్నెలో ఏ క్రిమీ లేదు. ఆమె చేతుల మీద ఆ క్రిమి లేదు. నలభై బొద్దింకల్లో ముప్పై ఒక్కటి శిశువుల రక్తంలో దొరికిన క్రిమినే మోస్తున్నాయి. అవే ఐదు మందులకు లొంగని క్రిమిని. చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే తెలియకుండా పెరిగింది. కేసు గెలిచినట్టే.

"సూశావా అమ్మాయ్, నా ఉగ్గుగిన్నె!" అంది నాగేంద్రమ్మ. "మా అమ్మ నాకిచ్చింది. దానికి పేరు పెట్టిన నోళ్లు ఏమైపోతయ్యో ఇప్పుడు."

రెండో కాగితం, మల్లేశం తనంతట తానే తీసిన నమూనాలది, నాలుగు వరసలు మాత్రమే ఉంది. అది గట్టిగా చదవలేదు. బీరువా కాళ్ల కింది గిన్నెల నీళ్లు: నాలుగింటిలోనూ అదే క్రిమి, లెక్కకు అందనంతగా. బీరువాలోని పాలపీకలు ఆరు: రెండింటి మీద అదే.

నేను మల్లేశం వైపు చూశాను. అతను ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా చెప్పాడు. ఆ ఎండల్లో మోరీ పైభాగమంతా ఎండిపోతుంది. బొద్దింకలకు ఆహారం లేకపోయినా నడుస్తుంది, నీళ్లు లేకపోతే నడవదు. ఆ గదిలో ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్లు ఆ నాలుగు గిన్నెల్లోనివే. తొమ్మిదేళ్లుగా పైనుంచి పోస్తూనే ఉన్నారు గాని, ఒక్కనాడూ పూర్తిగా పారబోసి కడగలేదు. ఒక్క క్షణం ఖాళీగా ఉంచినా చీమ ఎక్కుతుందని. అవి తాగడానికి అక్కడికి వచ్చి, గోడకు ఆనించిన బీరువా వెనక వైపు నుంచి గోడ మీదుగా పైకి పోతున్నాయి. చీమను ఆపిన నీళ్లే బొద్దింకను పిలిచాయి.

నేను కూడా ఇంగ్లీషులోనే జవాబు చెప్పాను. "ఇవి రెండు వేరువేరు కాగితాలు. దరఖాస్తులో నేను గిన్నెలు అడగలేదు. పురుగులు, ఉగ్గుగిన్నె, చేతులు అడిగాను. అడగనిది దాఖలు చేయవలసిన బాధ్యత మనకు లేదు." చట్ట ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. ఈనాటికీ అందులో తప్పు చూపించలేను.

"ఏంది మీరిద్దరూ?" అంది నాగేంద్రమ్మ, చేట పక్కన పెడుతూ. "దొరల భాష మాట్టాడారంటే నా గురించే. ఆ రెండో కాయితంలో ఏముంది మల్లేశం?"

"ఏం లేదక్కా..."

"ఏం లేనిదానికి నీ మొహం అట్టా అయ్యిందేంరా?"

మల్లేశం చెప్పాడు. తన భాషలో, ఏమీ దాచకుండా, మొదటి నుంచీ చెప్పాడు. ఆమె అడ్డు తగలకుండా విన్నది. ఒక్కసారి మాత్రం, "నాలుగింటిలోనా?" అని అడిగింది. నాలుగింటిలో అని చెప్పాడు.

మేము ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాం. ఆమెకు తెలియదని, మేట్రన్ కూడా మెచ్చుకుందని, మోరీకి మూత ఉంటే ఇదేదీ జరగదని చెప్పాలని నేను వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఆమె అడిగింది అదేదీ కాదు.

"ఆ గిన్నెలు ఇప్పుడు యాడున్నయ్?"

నాకు ముందు అర్థం కాలేదు.

"ఆ గిన్నెలమ్మా. తీసేశారా?"

తీయలేదు. వాటిని కదిలించరాదని నేనే ఉత్తర్వు తెచ్చాను. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. గౌరి పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తూనే ఉంది, నాగేంద్రమ్మ నేర్పినట్టే. నమూనాలు తీసి మూడు వారాలైంది. నివేదిక మీద సంతకం చేసిన డాక్టరు గాని, దానిని చూసిన మల్లేశం గాని, నేను గాని, ఆ నాలుగు వరసలను సాక్ష్యంగానే చూశాం. మాలో ఒక్కరికీ ఆ గదిలో ఈ రోజు ఉన్న పిల్లలు గుర్తుకు రాలేదు.

"లోపల ఎంతమంది పిల్లలున్నారు?"

"తొమ్మిది మంది" అన్నాడు మల్లేశం. "ఇద్దరికి జ్వరం."

ఆమె లేచింది. నేను కూడా లేచి, దారికి అడ్డంగా నిలబడ్డాను. ఇప్పుడు చెబితే అది ఒప్పుకోలు అవుతుందని చెప్పాను. సస్పెన్షన్‌లో ఉన్న మనిషి ఆసుపత్రిలో అడుగుపెట్టడమే నేరమని, ఉత్తర్వును ధిక్కరించి సాక్ష్యాన్ని చెరిపిందని కొత్త అభియోగం వస్తుందని చెప్పాను. రేపు ఉదయం ఉత్తర్వు సడలించమని దరఖాస్తు పెడతానని, బహుశా బుధవారానికి అనుమతి వస్తుందని చెప్పాను.

"బుధవారానికా?" అంది. "అమ్మాయ్, పొద్దున ఏడు నించి రేత్రి ఏడు దాకా ఎన్ని తూర్లు పాలు పడతారో నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఆమె చెప్పులు వేసుకోకుండానే వెళ్లింది. మేమిద్దరం వెనక పరుగెత్తాం.

ఆసుపత్రి గేటు దగ్గర చౌకీదారు చేయి అడ్డం పెట్టాడు. "అమ్మాజీ, ఆర్డర్ నహీ హై."

"ఆర్డర్ నీ జేబులో పెట్టుకో భయ్యా" అంది తెలుగులోనే, అతని చేతిని పక్కకు తోస్తూ. అతని రెండో కొడుకు ఆమె చేతి మీద పాలు తాగినవాడేనట. అతను చేయి దించాడు.

పాలగదిలో గౌరి ఒక్కతే ఉంది. నాగేంద్రమ్మను చూసి సంబరంగా, "దీదీ, ఆప్!" అంది. నాగేంద్రమ్మ ఆమెతో హిందీలో మాట్లాడింది. ఆ హిందీ సగం అద్దంకిది. బీరువా ఖాళీ చేయమంది. పీకలన్నీ పారేయమంది. కొత్తవి తెప్పించి మరిగించమంది. తరువాత బీరువాను గోడ నుంచి మూరెడు ఇవతలికి లాగి, ఒక్కొక్క కాలూ మల్లేశం చేత ఎత్తించి, కింది గిన్నెను తీసింది. గిన్నెల అడుగున పాకుడు జిగురులా వేళ్లకు అంటింది. మూడో గిన్నె తీస్తుండగా దాని వెనక నుంచి బొద్దింక ఒకటి మీసాలు కదుపుతూ గోడ ఎక్కి పోయింది. ఆమె దాన్ని చంపలేదు. పైదాకా ఎక్కేవరకూ దానినే చూస్తూ నిలబడింది.

గిన్నెల్లోని నీళ్లను మోరీలో పోయనివ్వలేదు. పెద్ద డేక్సాలో పోయించి, స్టవ్ మీద మరిగించి ఆ తరువాత పోయించింది. మోరీ నోటికి రెండు ఇటుకలు, తడిగుడ్డ కుక్కించింది. అప్పటికి సిస్టర్ వచ్చింది. ఆమె కేరళ మనిషి. ఐదుగురు పోయినప్పుడు తానూ ఏడ్చిన మనిషి. కాని పుస్తకం పుస్తకమే.

"నాగేంద్రా, ఇది నేను రాయాలి" అంది.

"రాయి సిస్టర్. నీళ్లు పోసింది నేనే అని కూడా రాయి. గౌరి మీద రాయబాక. దానికి నేర్పింది నేను."

జ్వరం వచ్చిన ఇద్దరిలో మగబిడ్డ కోలుకున్నాడు. ఆడబిడ్డ మంగళవారం తెల్లవారుజామున పోయింది. నేను అనుమతి వస్తుందనుకున్న రోజుకు ముందు రోజు.

విచారణ ఆ తరువాతి సోమవారం జరిగింది. రెండు కాగితాలూ దాఖలు చేశాను. నా వాదన గంటన్నర సాగింది. మోరీ మూత గురించి, పాలగది పుస్తకంలోని నాలుగు నమోదుల గురించి, మందు కొట్టకపోవడం గురించి, మిగిలిన మందులను సింకులో పారబోసే పద్ధతి గురించి మాట్లాడాను. ఆ గిన్నెలను మెచ్చుకున్న అధికారుల పేర్లు కూడా చదివాను. విచారణాధికారి ఓపికగా విన్నారు. తరువాత నన్ను దాటి ఆమె వైపు చూశారు. ఆయన ప్రశ్నలు హిందీలో, ఆమె జవాబులు తన హిందీలో.

"గదిలో వస్తువులు కదిలించవద్దని ఉత్తర్వు ఉన్నట్టు నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసి ఎందుకు చేశావు?"

"లోపల పిల్లలున్నారు సార్."

"గిన్నెలు పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఆ నీళ్లు ప్రమాదమని నీకు తెలుసా?"

నేను లేచి అభ్యంతరం చెప్పబోయాను. ఆమె నా వైపు చూడకుండానే చేత్తో కూర్చోమంది.

"తెలిస్తే పోస్తానా సార్? చీమలు రాకుండా పోశాను. రాలేదు. దాని వెనకమాల ఇంకోటి వస్తదని నాకు ఎవరూ చెప్పలా. చెప్పేవాళ్లకీ తెలవదు. కాని పోసిన చెయ్యి నాదే. ఆ మాట మాత్రం వేరేవాళ్ల మీదకి పోనీయబాకండి."

ఉత్తర్వు ఇరవై రోజులకు వచ్చింది. చేతుల శుభ్రత గురించిన ఆరోపణ రుజువు కాలేదు. ఉగ్గుగిన్నె ఆరోపణ రుజువు కాలేదు. అనుమతి లేని పాత్రలను బీరువా కింద ఉంచిన విషయం, ఉత్తర్వును ఉల్లంఘించి సాక్ష్యాన్ని తొలగించిన విషయం ఆమె ఒప్పుకోలు ద్వారా రుజువైనాయి. ఆమెను ఉద్యోగం నుంచి తొలగించడం లేదు. ఇకపై శిశువుల గదిలోకి గాని పాలగదిలోకి గాని ప్రవేశం లేకుండా బట్టలుతికే విభాగానికి మారుస్తున్నారు. మోరీ మూత, పురుగుల మందు విషయాలు ఈ విచారణ పరిధిలోకి రావు.

ఆ చివరి వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అప్పీలుకు నలభై ఐదు రోజుల గడువుంది. నాలుగు రోజుల్లో పదకొండు పేజీల అప్పీలు రాసి టైపు చేయించి, ఆమె సంతకం కోసం తీసుకువెళ్లాను. ఆమె బట్టలుతికే షెడ్డులో ఉంది. ఆవిరి మధ్య పొడవాటి కర్రతో దుప్పట్లు తిప్పుతోంది. చేతులు తుడుచుకుని వచ్చి, గట్టు మీద కూర్చుని, "సదువు" అంది.

తెలుగులో చెబుతూ చదివాను. రెండవ పేజీలో ఆపింది.

"ఏమన్నావు, ఇంకోసారి చెప్పు."

"శిశువుల మరణానికి అప్పీలుదారు ఏ విధంగానూ బాధ్యురాలు కాదు."

"అది తీసెయ్."

"అది తీసేస్తే అప్పీలే లేదమ్మా. మిమ్మల్ని మళ్లీ పిల్లల గదిలోకి పంపించమని అడగడానికి ఆధారం అదొక్కటే."

"నాకు పోవాలనే ఉంది అమ్మాయ్. ఆ గది లేకపోతే నాకేం తోస్తది? పొద్దున్నే నా కాళ్లు ఆ వైపుకే పోతన్నయ్. కాని అబద్ధం చెప్పి పోలేను. ఆ బిడ్డల తల్లులు ఈ ఊళ్లోనే ఉన్నారు. బజార్లో ఎదురైతే నేనేం చెప్పాలి, కాయితంలో కొట్టేశారు అని చెప్పాలా?"

నేను వాదించాను. బాధ్యతకూ నేరానికీ తేడా ఉందని, తెలియక చేసినదానికి చట్టంలో వేరే స్థానం ఉందని, తెలిసి మూత వేయనివారు శిక్ష లేకుండా తిరుగుతున్నారని చెప్పాను. ఆమె అంతా వింది. "వాళ్ల సంగతి కూడా రాయి, బాగా రాయి" అంది. "నా సంగతి ఉన్నదున్నట్టు రాయి."

ఆ పదకొండు పేజీలను అక్కడే, ఆ గట్టు మీదే కొట్టివేశాను. మిగిలినవి మూడు పేజీలు. మోరీకి జాలీ వేయాలి. నెలనెలా పురుగులను పట్టి పరీక్షించాలి. మందులను సింకులో పారబోయరాదు. బీరువాలను గోడకు దూరంగా ఉంచాలి. ఆమె పాత్ర ఇంత, అధికారులది ఇంత. మూడు వారాల పాటు గిన్నెలు కదలకుండా ఉండటానికి కారణం అప్పీలుదారు తరఫు న్యాయవాది దరఖాస్తు అని కూడా రాశాను. ఆ వాక్యం ఆమె అడగలేదు. నేను చదివినప్పుడు తల ఊపింది, అంతే.

సంతకానికి కలం ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

"ఆ పిల్లల పేర్లు ఏవి?"

"పిల్లలకు పేర్లు పెట్టలేదు కదమ్మా. రికార్డులో ఐదుగురు శిశువులు అని ఉంది."

"తల్లుల పేర్లు పెట్టు. బిమ్లా కొడుకు. రాజ్‌కలీ కూతురు. హసీనా కొడుకు. ప్రేమ్‌వతి కూతురు. సంతోష్ కొడుకు." ఒక్కొక్క పేరు చెప్పి, నేను రాసేదాకా ఆగి, తరువాతిది చెప్పింది. ఐదు పేర్లయ్యాక నేను కలం ఎత్తాను.

"ఇంకా ఉంది" అంది. "చంపా కూతురు. మంగళవారం పోయింది."

ఆ బిడ్డ ఏ అభియోగ పత్రంలోనూ లేదు. రాశాను. అప్పుడు ఆమె కలం తీసుకుని, హిందీ అక్షరాలలో తన పేరు పెట్టింది.

నవంబరులో జవాబు వచ్చింది. పాలగది మోరీకి ఇనుప జాలీ బిగించినట్టు, మిగిలిన సూచనలు పరిశీలనలో ఉన్నట్టు మొదటి పేరాలో ఉంది. ఉద్యోగిని విషయంలో పూర్వపు ఉత్తర్వు అమలులో ఉంటుందని రెండవ పేరాలో ఉంది. షెడ్డుకు వెళ్లి చదివి వినిపించాను.

"జాలీ వేశారా? నువ్వు సూశావా?"

చూడలేదన్నాను. కాగితంలో ఉందన్నాను.

"పోయి సూసిరా" అంది నాగేంద్రమ్మ. "నన్ను లోపలికి రానీయరు గదా."